మింగేసిన అక్షరం

మా మామయ్య బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. ఆయన బస్సు దిగారు గానీ ఆయన గొంతు దిగలేదు. పక్కన కూర్చున్న నాతో కూడా వెనక సీటు వాళ్లకి వినిపించేలాగే మాట్లాడతారు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక కూడా ఆ గొంతు తగ్గలేదు. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పద పద, నా రక్తం ఉతికించుకు రావాలి" అని వీధంతా వినిపించేలా అరుస్తారు.

తీసుకెళ్లేది నేనే. మా ఆయనకి సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని ఆ పూట నా జిరాక్స్ దుకాణానికి తాళం పడుతుంది. మెషిన్ అయ్యే వేళకి మా ఆయన కారు తీసుకుని వస్తారు. కన్నతండ్రిని ఇంటికి దింపడంతో తన బాధ్యత తీరిపోయినట్టు ఆయన మొహం వెలిగిపోతుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఏమీ అనిపించదు. ఆ హాల్లో వరసగా మంచాలు, మంచానికో మెషిన్, గొట్టాల్లో తిరిగే రక్తం. కొన్నాళ్లు చూస్తే అదీ జిరాక్స్ మెషిన్‌లాగే అయిపోతుంది. ఎర్ర లైటు వెలిగితే ఎవరో వచ్చి చూస్తారు.

మాట తేడా రావడం చలికాలంలో మొదలైంది. మెషిన్ ఆపి లేపి కూర్చోబెడితే నాలుక మడత పడుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది, దీర్ఘాలు పొట్టివైపోతున్నాయి, పదం మొదలుపెట్టి చివరి అక్షరం మింగేస్తున్నారు. పక్షవాతమేమోనని అందరం హడలిపోయాం. తలకి స్కాన్ తీశారు, అందులో ఏమీ లేదు. "మెషిన్ ఒంట్లో నీరు లాగేశాక బీపీ పడిపోతోంది. ఈ వయసులో కొందరికి అది తట్టుకుని మామూలు మనిషి కావడానికి కాస్త టైం పడుతుంది" అని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ అన్నట్టే సాయంత్రానికల్లా మామయ్య టీవీలో వార్తలు చదివే అమ్మాయిని తిట్టేంతగా కోలుకునేవారు.

ఆ ముద్ద మాటల్లో ఒక్కటి మాత్రం ప్రతిసారీ వచ్చేది. "చల్..." అనేవారు. కాసేపాగి మళ్లీ "చల్..."

"చలేస్తోందా తాతా?" అంటూ నర్సు దుప్పటి కప్పేది. ఆవిడకి మామయ్య పెట్టిన పేరు సూదులమ్మ. రక్తం అంతసేపు బయట తిరిగొస్తే చలి వేస్తుందట, చాలామందికి మామూలేనట. మా ఆయన ఇంకా మందపు దుప్పటి కొనుక్కొచ్చారు. తర్వాత ఉన్ని టోపీ. తర్వాత మేజోళ్లు. తండ్రికి చెయ్యడానికి ఇన్నాళ్లకి ఒక పని దొరికినట్టు దుకాణాలన్నీ తిరిగారు.

ఒకరోజు టోపీ సర్దుతుంటే నా వేళ్లకి తడి తగిలింది. మామయ్య నుదురంతా చెమట. కాలితో దుప్పటి కిందికి తోసేసి, "చల్..." అన్నారు. అంటూ చెయ్యెత్తి అరచెయ్యి అడ్డంగా పెట్టారు. అన్నం తినేటప్పుడు ఇంకాస్త వడ్డించబోతే కంచం మీద అడ్డం పెడతామే, అలాగ.

చలి కాదు. చాలు.

నాకు గుండె ఝల్లుమంటుందని అనుకున్నాను. అనలేదు. దుప్పటి మడిచి కాళ్ల దగ్గర పెట్టాను, అంతే. ఇంటికెళ్లాక కూర తరిగాను. తరుగుతూ ఒక్కటే ఆలోచించాను. ఈ మాట నేను పైకి అనకూడదు. మెషిన్ ఆపేస్తే మనిషి మిగిలేది కొన్నాళ్లే. కొడుకు చెబితే తండ్రి బాధ చూడలేకపోయాడంటారు. అదే నేనంటే, మోయలేక కోడలు చంపేసిందంటారు. అందరికంటే ముందు మా ఆడపడుచే అంటుంది, అదీ ఫోన్లో.

ఆ తర్వాతి వారం డాక్టరమ్మ మా ఆయన్నీ పొద్దున్నే రమ్మని, మా ఇద్దర్నీ లోపలికి పిలిచింది. "మనిషి బాగా నీరసపడుతున్నారు. ఈ వయసులో కొందరు ఇక వద్దనుకుంటారు. తప్పేం లేదు, అలాంటివాళ్లకి నొప్పి తెలియకుండా మేం చూసుకుంటాం. ఆయన మీతో ఎప్పుడైనా అలాంటిదేమైనా అన్నారా?"

"లేదండీ, చలంటారు, అంతే" అన్నారు మా ఆయన.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను బల్ల మీదున్న పెన్నుల డబ్బా వైపు చూశాను. "ఆయన చలే అంటున్నారో, ఇంకేమైనా అంటున్నారో..." అని ఆగిపోయాను. మా ఆయన చటుక్కున నావైపు తిరిగారు.

"అయితే ఆయన్నే అడుగుదాం, మాట బాగున్నప్పుడు" అంటూ లేచింది డాక్టరమ్మ.

మామయ్యకి ఇంకా సూదులు పెట్టలేదు. మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, పక్క మంచం ఆయనకి ఏదో కండక్టర్ల జోకు చెబుతున్నారు. డాక్టరమ్మ వంగి, "మెషిన్ అయ్యాక మీరు ఏదో అంటున్నారట, చలి అంటున్నారా, ఇక వద్దంటున్నారా? ఇది ఆపెయ్యమన్నా ఆపేస్తాం. మీ ఇష్టమే" అంది.

మామయ్య ఆవిడ వైపు చూడలేదు. కొడుకు వైపు చూశారు. మా ఆయన మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

"చలేనండీ డాక్టరుగారూ. ముందు మీ ఏసీ తగ్గించండి, బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చినట్టుంది నాకు."

ఒక్క అక్షరం కూడా తడబడలేదు. అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వి, కళ్లు తుడుచుకుంటూ, చెల్లెలికి ఫోన్ చేసి చెప్పొస్తానని బయటికి వెళ్లారు. డాక్టరమ్మ కూడా వెళ్లిపోయింది.

నేను మామయ్య పక్కన కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది.

"అబద్ధం చెప్పారు" అన్నాను.

"ఆఁ."

"ప్రతిసారీ చాలు అనేగా మీరు అంటున్నది?"

"అంటున్నానా?" ఆ గొంతు అంత నెమ్మదిగా పలకగా నేనెప్పుడూ వినలేదు. "మెషిన్ అయ్యాక నోరు నా మాట వినదు అమ్మాయ్. ఏదొస్తే అది అనేస్తుంది."

"ఇప్పుడు వింటోందిగా. ఇప్పుడు చెప్పచ్చుగా మామయ్యా."

ఆయన తలుపు వైపు చూశారు. అద్దంలోంచి మా ఆయన కనిపిస్తున్నారు, చెయ్యి తిప్పుతూ ఫోన్లో మాట్లాడుతున్నారు.

"నాకు చాలిందమ్మా. వాడికే ఇంకా చాల్లేదు."

"ఎప్పటికి చాలుతుంది?"

"వాడికా?" అని నవ్వారు. "వాడికి చిన్నప్పట్నుంచీ ఆకలెక్కువ."

సూదులమ్మ ట్రే తీసుకుని వచ్చింది. నేను ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాను. మామయ్య చెయ్యి చాపి, హాలంతా వినిపించేలా, "కానీ తల్లీ" అన్నారు.