క్వావ్ పాలు మానని రోజు

ఓడలు రావడం ఆగిపోయాక జమైకా దొరలకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నిన్నటిదాకా చూలింతలని కూడా చూడకుండా కొరడా ఝళిపించినవాళ్లు ఇవాళ పిల్లల బుగ్గలు పుణుకుతున్నారు. పుణకరూ మరి! ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చి అమ్మకూడదని చట్టం వచ్చింది. చెరుకు తోటకు కొత్త బానిసలు కావాలంటే ఇక ఈ గుడిసెల్లోనే పుట్టాలి.

పుడితే చాలదు, గబగబా పుట్టాలట. పాలిచ్చే తల్లికి మళ్లీ కడుపు త్వరగా నిలవదు. అందుకే పెద్దదొర తరఫున తోట మీద అజమాయిషీ చేసే తుల్లక్ దొర కొత్త ఆజ్ఞ వేశాడు. ఏడాది నిండిన బిడ్డకు పాలు మాన్పించాలి. మాన్పించిన తల్లికి కొత్త గుడ్డ ఇస్తాడు. చెరుకు కోసే బెనెబా ఆ గుడ్డ వంక కన్నెత్తి చూడలేదు. వెనకటికి పని చెడుతోందన్న దొరల మాట విని, పాలు మాన్పించి, తొలిచూలు బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి ఆమె. మలిచూలు కొడుకు క్వావ్‌ను మాత్రం చచ్చినా పోగొట్టుకోదు.

కోతలు ముమ్మరంగా సాగుతుండగా బెనెబా కత్తి కింద పెట్టి, గట్టున పసిపిల్లల్ని చూసుకునే జూబా అవ్వ దగ్గరున్న కొడుకు వైపు పాలివ్వడానికి నడిచింది.

"ఏయ్, ఎక్కడికే? వాడికి ఏడాది దాటిందిగా!" అని అరిచాడు దొర.

"మాకు ఏడాదీ గీడాదీ లేదు దొరా. బిడ్డ సొరబుర్ర నిండా నీళ్లు తెచ్చి తల్లి చేతికిచ్చిన రోజే పాలు మాన్పిస్తాం."

"ఓస్, ఇంతేనా!"

దొర తానే ఒక చిన్న బుర్ర నింపి క్వావ్ చేతుల్లో పెట్టాడు. "రా నాన్నా, రా! అమ్మకిచ్చెయ్!"

క్వావ్ రెండడుగులు తడబడుతూ వేసి ఆగాడు. దొర బూట్ల మెరుపు నచ్చింది కాబోలు, నీళ్లన్నీ వాటి మీద గుమ్మరించి చప్పట్లు కొట్టాడు. కోతగాళ్లంతా గొల్లుమన్నారు.

"దొరగారికి తానం చేయించావట్రా నా తండ్రీ!" అంటూ జూబా అవ్వ బోసినోటితో పడీ పడీ నవ్వింది.

దొర మొహం కందగడ్డయింది. కొరడా ఎత్తాడు. నవ్వులు ఆగిపోయాయి. బెనెబా మాత్రం కదల్లేదు.

"కొట్టండి దొరా. నా పాలు ఇంకిపోతాయి, వీడు పోతాడు. అప్పుడు ఇంకోణ్ణి ఏ ఓడలోంచి దింపుకుంటారో పెద్దదొరకు మీరే చెప్పుకోండి."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి మెల్లగా దిగింది.

"కానీ... త్వరగా కానీ" అని గొణిగాడు దొర.

బెనెబా కొడుకును ఒళ్లోకి లాక్కుని తీరిగ్గా కూర్చుంది. అది చూసి చెరుకు వరుసలో ఇంకో తల్లి కత్తి కింద పడేసి గట్టున ఉన్న తన బిడ్డ దగ్గరికి నడిచింది. ఆ వెనకే మరొకతె, ఆపైన ఇంకొకతె. దొర నోరైతే తెరిచాడు గానీ, ఎవరిని ఆగమనాలో తోచక అలాగే నిలబడిపోయాడు.