ఇరవై అంకణాలు

యూనిట్ రాయకపోతే అరమార్కు కోత, ఆరో తరగతి పిల్లలకు పద్దెనిమిదేళ్ళుగా నేను చెప్పే మాట ఇప్పుడెందుకు గుర్తొస్తోందో, చేతిలో టేపు ఉంది కాబట్టేమో, వైశాల్యం తెలుసు, ఒక భుజం తెలుసు, భాగిస్తే రెండో భుజం, ఇంతకన్నా తేలిక లెక్క పుస్తకం మొత్తంలో లేదు, తడలో మా బడి పిల్లలు నోటితో చేసేస్తారు, ఏర్పేడులో నా తమ్ముడు ధనుంజయకు మాత్రం అర్థం కాలేదు, కానట్టు నటించాడు, అదీ నా మంట, నాయన పోయేముందు రాసిన కాగితంలో ఉదయలక్ష్మికి, అంటే నాకు, తూర్పు పడమరలు ఇరవైనాలుగు అడుగులు అని ఉంది, ఉత్తర దక్షిణాలు అన్నచోట చెదలు తిన్న చిల్లు, వెరసి ఇరవై అంకణాలు, మిగతాది ధనుంజయకు, అంకణం డెబ్బైరెండు చదరపు అడుగులు, ఇరవై అంకణాలంటే పద్నాలుగువందల నలభై, ఇరవైనాలుగుతో భాగిస్తే అరవై, అంటే కాలేజీ పిల్లల కోసం వాడు కట్టిన మెస్ వంటగది మొత్తం నా స్థలంలోనే ఉంది, ఫోన్ చేసి నాది అరవై అడుగులు అని ఒక్కమాట చెప్పి పెట్టేశాను, ఏడాదయింది, నాయన తద్దినానికి కూడా నేను రాలేదు, నిన్న వాడే ఫోన్ చేసి, అక్కా, నువ్వే వచ్చి కొల్సుకో, నీ దాంట్లో ఒక్క ఇటిక ఉన్నా నేనే పగలగొడతా, అన్నాడు, చూద్దాం నీ పెద్దరికం అనుకుంటూ పొద్దున్నే బస్సెక్కాను.

ఈడ పట్టుకోనా అక్కా, అంటున్నాడు నా వాటా మొదలయ్యే వీధివైపు హద్దురాయి దగ్గర టేపు మొన పట్టుకుని, వాడి చెవుల పక్కన నెరిసింది, నాకంటే ఆరేళ్ళు చిన్న, ఎక్కాలు నేర్పింది నేనే, పదమూడో ఎక్కం దగ్గర ఏడ్చేవాడు, ఏడుస్తూనే నేను చెప్పిందల్లా తిరిగి అనేవాడు, వద్దు, ఇప్పుడవన్నీ వద్దు, మెస్ ముందు ఇడ్లీ పాత్రలు, గంగాళాలు, గ్యాస్ పొయ్యి, బియ్యం మూటలు పేర్చి ఉన్నాయి, ఆదివారం కదా, కడుక్కోవడానికేమో, టేపు వంటగది గోడకు తగిలింది, ముప్పై, ఇంకోసారి చూశాను, ముప్పైయే, సరిగ్గా సగం, మింగినవాడు ఎంత నిక్కచ్చిగా మింగాడు.

ఎంతొచ్చె మే, అంది గడపలో అనపకాయలు వొలుస్తున్న నాగులమ్మత్త, నాయన చెల్లెలు, ముప్పై అత్తా, ఉండాల్సింది అరవై, అన్నాను, అరవై యాడినుంచి వచ్చె, అంది, పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పుకొచ్చాను, అంకణానికి డెబ్బైరెండు అనగానే ఆమె చేతులు ఆగాయి, డెబ్బైరెండు నెల్లూరోళ్ళ అంకణం గదమ్మే, మీ తడ పక్కంతా అదే, మనకాడ ముప్పైఆరే, మీ నాయన ఈడ పుట్టి ఈడ పోయినోడు, ఆ లెక్క ఆయనకేం దెలుసు, అంది, మళ్ళీ కాయలు వొలుచుకుంటోంది.

ముప్పైఆరు, ఇరవై అంకణాలంటే ఏడువందల ఇరవై, ఇరవైనాలుగుతో భాగిస్తే ముప్పై, గోడ ఉండాల్సిన చోటే ఉంది, అంకణం అనే మాట నేను మొదటిసారి పట్టించుకున్నది పెళ్ళయ్యాక తడలో ఇల్లు కట్టుకున్నప్పుడు, లోకమంతా అదే కొలత అనుకున్నాను, యూనిట్ రాశాను, అది ఏ ఊరి యూనిటో అడగలేదు, మరి నువ్వెందుకు చెప్పలేదురా, అన్నాను, వాడు టేపు చుట్టుకుంటూ, నాయన అడుగులేసి సూపించినకాడ గోడ కట్టినానక్కా, నువ్వు అరవై అంటే ఆయనే తప్పు సూపించినాడేమో అనుకున్నా, లెక్కల టీచరువి నువ్వు, నీకు తప్పొస్తాదా, అన్నాడు, దెప్పుడు కాదు, నిజంగానే అన్నాడు, వంటగది వైపు తిరిగాను, గోడకు ఆనించి గడ్డపార ఉంది, ఇందాక చూడలేదు, కడుక్కోవడానికైతే బియ్యం మూటలు ఎందుకు బయట పెడతారు, నేను బస్సు దిగకముందే వాడు వంటగది ఖాళీ చేసి పెట్టుకున్నాడు, నా లెక్క తప్పయి ఉంటుందని వాడికి ఒక్కసారి కూడా తోచలేదు.