సరస్సు లేచి వెళ్లిన రోజు

ప్రతి ఉదయం విమానంలో పెట్రోలు పోశాక ఎనోక్ రేడియోలో ఉయాగక్ అవ్వను పిలుస్తాడు.

"అవ్వా, ఇవాళ సరస్సు ఎక్కడుంది?"

"జంట కొండల వెనక పడుకుంది. నిన్నంతా నడిచింది కదా, అలిసినట్టుంది."

రోడ్డన్నదే లేని ఆ ఉత్తరపు అభయారణ్యంలోకి నీళ్ల మీద వాలే విమానమే దారి. నీళ్లెక్కడున్నాయో అవ్వకే తెలుసు.

ఆ రోజు రోండా ఎక్కింది. ఫెయిర్‌బ్యాంక్స్ పట్నంలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి మానేసిన మనిషి.

"రోడ్డు కనబడని చోట పది రోజులుండాలి బాబూ. అదొక్కటే కోరిక."

"దోమలు పీక్కుతింటాయి."

"నా ప్యాసింజర్లకంటేనా?"

జంట కొండల వెనక సరస్సు మీద వాలారు. సామాను దింపి, ఒడ్డున కూర్చుని ఎండుమాంసం నములుతుండగా సరస్సు కదిలింది. పడుకున్న జంతువు ఒళ్లు విరుచుకున్నట్టు లేచి, చేపలతో సహా తూర్పు కనుమలోకి వెళ్లిపోయింది. వాళ్ల విమానం బురదలో మిగిలింది.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?" అంది రోండా.

"సాయంత్రానికి..." అంటూ తలెత్తిన ఎనోక్ చేతిలోంచి మాంసం ముక్క జారిపోయింది.

ఇన్నేళ్లూ కడుపులో మోసి సరస్సు ఇవాళ వదిలేసినట్టు, బురద నడుమ ఒక పసుపు విమానం. దాని తోక మీది అంకెలు అతనికి కంఠతా వచ్చు. ఇరవై ఆరేళ్ల కిందట వాళ్ల నాన్న అమాగుక్ అందులోనే వెళ్లి తిరిగి రాలేదు. దక్షిణాన ఇంకో సంసారం పెట్టాడని ఊరంతా అంది. అమ్మ ఎస్తేర్ కూడా నమ్మింది. ఆ పేరు ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఎనోక్ మోకాలిలోతు బురదలో పరిగెత్తి, అద్దం తుడిచాడు. లోపల బెల్టు పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాడు ఒక మనిషి. మంచునీళ్లు అతన్ని చెడిపోనివ్వలేదు. నల్లటి జుట్టు, నున్నటి బుగ్గలు.

"ఎవరు బాబూ?" వెనకే వచ్చిన రోండా అడిగింది.

"మా... మా నాన్న. నాకంటే చిన్నవాడు!"

ఆవిడ లోపలికి వంగి చూసింది. "చెయ్యి వదల్లేదు చూడు. చివరిదాకా నడిపాడు. విమానం ముక్కు కూడా మీ ఊరివైపే ఉంది."

సాయంత్రం సరస్సు తిరిగొచ్చి ఎనోక్ విమానాన్ని పైకెత్తింది. రోండా తన పది రోజులూ వదులుకుని, దారంతా అమాగుక్ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొగుణ్ణి చూసి ఎస్తేర్ ఏడవలేదు. గోడకు జారబడి, అతన్ని పూడ్చేదాకా అలాగే ఉండిపోయింది.

మూడో రోజు ఎనోక్ భార్యకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఊళ్లో ఆడా మగా చూడకుండా పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెడతారు, ఆ పేరుతో మనిషే తిరిగొస్తాడంటారు. పోయారో లేదో తెలియనివాళ్ల పేరు మాత్రం ఎవరికీ పెట్టరు.

ఎనోక్ పిల్లను తన తల్లి ఒళ్లో పడుకోబెట్టి, "అమాగుక్" అన్నాడు.

ఎస్తేర్ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇదేనా రావడం, మొగుడా?" అంది. "ఆకలిగా ఉన్నావా?"