బిడ్డ సరిగ లేదట

మిర్యాలగూడలో స్కానింగు మిషను వచ్చిన కొత్త. కడుపుతో పోయిన కోడలు ఉత్త కడుపుతో తిరిగొస్తే, వాడలో అడిగినవాళ్లకు ఒకటే జవాబు: 'బిడ్డ సరిగ లేదట.' ఆడపిల్లని తీయించుకున్నామని ఎవరు చెప్పుకుంటారు? అడిగినవాళ్లు కూడా నమ్మినట్టు తలూపి పోయేవాళ్లు.

నాకు ఐదో నెలలో ఆ మాట నిజంగానే చెప్పారు.

నా పెనిమిటి సైదయ్య రైసుమిల్లులో హమాలీ. లారీ వచ్చిందని నన్ను దవాఖాన ముందు దింపి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ తెర నావైపు తిప్పి వేలితో చూపించింది.

"ఇవి కళ్లు. వీటిపైన పుర్రె ఉండాలి, లేదు. మెదడు కూడా ఎదగలేదు. నెల తప్పిందని నీకు తెలిసేలోపే జరిగిపోయింది ఇది. నువ్వు చేసిన తప్పేం లేదు. కడుపులో ఉన్నన్ని రోజులు బతుకుతుంది, బయటికొస్తే బతకదు. ఇప్పుడైతే తీసేయొచ్చు, ఇంట్లో అడుగు."

"కాళ్లు చేతులు?" అన్నాను.

"అవి బాగానే ఉన్నయమ్మా."

తెర మీద చిన్న చెయ్యి కదిలింది. నాకు ఏడుపు రాలేదు. పొయ్యిలోకి కట్టెలు లేవన్న సంగతి గుర్తొచ్చింది, అంతే.

నిడమనూరులో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా అత్త ఉప్పలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఆడపిల్లన్నరా?" అంది.

"ఆడో మగో చెప్పలే అత్తమ్మా. తల లేదన్నరు. తీసేయాలన్నరు."

"అందరు గదే జెప్తరు."

"నేను కండ్లార చూసిన."

"మొదలు ఆడపిల్లాయె, మల్ల ఆడపిల్లేనని నీకు బరువైంది, ఆండాలు. నాకేం బరువు గాదు. కని నా సేతులల్ల పెట్టు, నేను సాదుకుంట."

ఆమెను తిట్టిపోయడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన మూడోనాడే పోయింది. ఎట్లా పోయిందో ఊరందరికీ తెలుసు. ఆ పని చేసింది ఆమె అత్త, ఈమె మంచంలో పడుకుని చూసింది. అప్పుడు పెగలని నోరు ఇప్పుడు పెగిలింది. ధర్మంగానే పెగిలింది, కాకపోతే నా కడుపు మీద.

సైదయ్య మర్నాడు పోయి డాక్టరమ్మను అడిగి వచ్చాడు. ఆమె అదే చెప్పిందన్నాడు. "ఇగ నువ్వు గూడ వాళ్లల్ల కలిసినవా" అంది తల్లి. ఆ మాటతో ఆయన పని అయిపోయింది. నా దగ్గరకొచ్చి చిన్న గొంతుతో, "నిజంగ గట్లనే ఉన్నదా తెర మీద?" అన్నాడు. తల్లికి ఎదురు చెప్పలేని మగవాడికి డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఒకటే.

అట్లా మోశాను. ఉమ్మనీరు పెరిగి పొట్ట కుండలా అయింది, కూర్చుంటే ఊపిరాడేది కాదు. లోపల తన్నేది. నా పెద్దబిడ్డను మోసినప్పుడు తన్నిన చోటల్లా చెయ్యి పెట్టేదాన్ని. ఈసారి పెట్టలేదు. పెడితే అలవాటవుతుంది.

అత్త మాత్రం కంటికి రెప్పలా చూసుకుంది. అన్నం కలిపి పెట్టేది, వాచిన కాళ్లకు నూనె రాసేది. జాన్‌పహాడ్ దర్గాకు పోయి మొక్కుకుంది: బిడ్డ దక్కితే యాటను కోసి కందూరు విందు పెడుతుందట, సైదమ్మని పేరు పెడుతుందట. తన పాత చీర చింపి బిడ్డ తలకు కుల్లాయి కుట్టింది. "సొంత తల్లి గూడ గిట్ల జూడదు" అని వాడంతా ఆమెను మెచ్చుకుంది. తిట్టినా బాగుండేది. తిడితే కనీసం కోపమన్నా వచ్చేది నాకు.

నొప్పులు వచ్చినప్పుడు మిర్యాలగూడ తీసుకుపోయారు. కాన్పు కష్టం కాలేదు. దవాఖాన ఆయమ్మ బిడ్డను బట్టలో చుట్టి, తల మీద ఆ బట్ట కొస కప్పి, అత్త చేతిలో పెట్టింది. అత్త మొదట తల వైపు చూడలేదు. కాళ్ల దగ్గర బట్ట తొలగించి చూసింది.

మగపిల్లవాడు.

ఆమె ముఖం అప్పుడు మారింది. మగపిల్లవాణ్ని తీసేయమని ఏ డాక్టరూ చెప్పదు, ఏ కోడలూ అడగదు. చాలాసేపటి తర్వాత తల మీది బట్ట ఎత్తింది. మళ్లీ కప్పింది. సంచిలోంచి కుల్లాయి తీసి, కళ్ల మీదిదాకా జాగ్రత్తగా తొడిగి, నా పక్కన పడుకోబెట్టింది. కుల్లాయి ఉంటే అందరు పిల్లల్లాగే ఉన్నాడు. పెదవులు సైదయ్యవే. కొంతసేపు ఊపిరి తీశాడు, తర్వాత తీయలేదు. అప్పుడు మొదటిసారి వాడి మీద చెయ్యి పెట్టాను.

"నువ్వు నిజమే జెప్పినవ్ బిడ్డా," అంది అత్త. "నేనే నీతోని గిన్ని నెలలు మోపిచ్చిన." నేను అటు తిరిగి పడుకున్నాను. నన్ను నమ్మాలని అన్ని నెలలు కోరుకున్నాను. ఇప్పుడు నమ్మితే ఏం చేసుకోను?

ఇంటికొచ్చిన రోజు పక్కింటి లచ్చమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"ఏమైందక్కా?"

అత్త ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పింది. "బిడ్డ సరిగ లేకుండె, లచ్చమ్మా. తలకాయ లేదు. మా కండ్ల ముందటనే పోయిండు. మొగపిల్లగాడు."

లచ్చమ్మ అయ్యో అంది. అత్తను చూసింది, నన్ను చూసింది, ఏదో తెలిసినట్టు తలూపింది.

"పోనియ్యక్కా," అంది. "నాతోని గూడ గట్లనే జెప్తవా? ఆడపిల్లంటే ఎవరికి బరువు గాదు?"