తలాపు చెక్క

సోల్డరింగ్ ఐరన్ మొనను తడి గుడ్డకు తుడుస్తున్న మేబెల్ ఎదుట, కౌంటరు మీద ఏదో బరువైనది దబ్బున పడింది. తల ఎత్తకుండానే తమ్ముడు వచ్చాడని ఆమెకు తెలిసింది. జీవరాజు దేన్నీ పెట్టడు, పడేస్తాడు.

దుప్పటి విప్పాడు. లోపల ఎలక్ట్రిక్ గిటారు. ఇంట్లో తన చేతులతో చేసుకున్నది.

"ఆరింటికి పోవాలె. కంట్రోళ్లు కూసుంటలేవు," అన్నాడు, రిపేరు షాపు యజమాని సదాశివను చూస్తూ. అక్క వైపు చూడలేదు.

అమ్మ పోయినప్పటి నుంచి సీతాఫల్‌మండి ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. కిందటి వేసవిలో మేబెల్ పని నుంచి తిరిగొచ్చేసరికి పెరటి నిండా రంపపు పొట్టు ఉంది. అమ్మ టేకు మంచానికి తలాపు చెక్క లేదు. పక్షవాతంతో పడ్డ అమ్మ ఏళ్ల తరబడి ఆ చెక్కకే తల ఆన్చి గంజి తాగింది. తాగించింది మేబెల్. పెళ్లి మాటలు వచ్చినప్పుడూ, పోయినప్పుడూ ఆమె చేతిలో ఆ గంజి గ్లాసే ఉంది. ఆ రోజు ఆమె పొట్టునంతా ఊడ్చి, మొదటిసారి తమ్ముడి కంచంలో అన్నం పెట్టకుండా పడుకుంది.

ఇప్పుడు ఆమె చేతిలోని టేప్ రికార్డరు పని ముగించి, మూత బిగించి, పక్కన పెట్టింది.

"అమ్మ మంచం కోసినోని పని నేను చెయ్య."

"నా మొదటి గిటారు తీగలు నువ్వు కట్టరుతో కోసినవ్. యాదికుందా?"

"అమ్మకు నిద్ర పడతలేకుండె."

"నీకు పడతలేకుండె," అన్నాడు జీవరాజు.

సదాశివ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "కొట్లాట ఇంట్ల పెట్టుకోండ్రి. గిరాకీ వచ్చే టైమిది. మేబెలమ్మా, జెర చేసి పంపెయ్."

ఆమె గిటారును ముందుకు లాక్కుంది. వాల్యూముకొకటి, టోనుకొకటి, రెండు కంట్రోళ్లు వైర్లకు వేలాడుతున్నాయి. వాటి కోసం వేసిన రంధ్రాలు నున్నగా ఉన్నాయి కానీ చెక్క మందం ఎక్కువ. కంట్రోలు మెడ పైకి రావడం లేదు, నట్టు అందడం లేదు. వాల్యూము వైర్లు కూడా తారుమారుగా అతికించాడు. పెంచితే తగ్గుతుంది.

"ఎనకనుంచి తవ్వాలె," అంది.

"తవ్వు."

"నువ్వే తవ్వు."

అతను కౌంటరు మీదున్న ఉలిని ఆమె వైపు తోశాడు. "నేనొక్కన్నే కోసిన అని గల్లీ అంతా చెప్పుకుంటున్నవ్ గద. పట్టు. నువ్వు సుత కొయ్."

ఆమె ముఖం నల్లబడింది. ఉలిని అతని మీదికి విసిరేస్తుందేమోనని సదాశివ కుర్చీలోంచి సగం లేచాడు. మేబెల్ గిటారును బోర్లించి ఉలి ఆనించింది. మొదటి దెబ్బకు చెక్క లేవలేదు. రెండో దెబ్బకు పెచ్చు లేచి ఆమె ఒళ్లో పడింది. తర్వాత ఆగకుండా, కోపంగా, సమంగా తవ్వుకుంటూ పోయింది. తవ్విన చోట చేయి పెట్టి చూసుకుంటూ పోయింది.

తిప్పి చూసినప్పుడు, పాలిష్ కింద రంధ్రాల పక్కనే, అరచేయంత నల్లటి మరక కనబడింది. అమ్మ తల నూనె దిగిన చోటు.

"ఇది గీకలే?"

"పోలే," అన్నాడు అతను, బయట రోడ్డును చూస్తూ.

ఆమె గిటారును మళ్లీ బోర్లించింది. కంట్రోళ్లను కూర్చోబెట్టి నట్లు బిగించింది. సీసం పట్టుకునేలా వాటి వీపును బ్లేడుతో గీకింది. వైర్లు సరిచేసి అతికించింది. రొద రాకుండా, తీగలు ఆనే ఇనుప పట్టీకి కూడా ఒక వైరు కలిపింది.

షాపులోని ఆంప్లిఫయరుకు తగిలించగానే జీవరాజు ఒక తీగ మీటాడు. గుర్రుమనే రొద లేదు. వాల్యూము గుండీ తిప్పుతుంటే, సందు చివర నుంచి ఎవరో నడిచి వస్తున్నట్టు శబ్దం దగ్గరైంది. అతని పెదవులు విచ్చుకోబోయి ఆగాయి.

"టోను జెర బిర్రుగుంది."

"అయితే పీకేస్త."

అతను గిటారును దుప్పట్లో చుట్టుకుని మెట్లు దిగాడు. వెనక్కి తిరగలేదు. మేబెల్ ఒళ్లోని పెచ్చులు దులిపి, తర్వాతి టేప్ రికార్డరు అందుకుంది.

చీకటి పడుతుండగా ఇంటికి చేరింది. గడపలో బియ్యం ఏరుతున్న పక్కింటి రోసమ్మ తలెత్తింది. "మీ తమ్ముడు పొద్దుగాల్నే ట్రంకు పెట్టె తీస్కపోయిండు. ఆరింటి బండికి బొంబాయి పోతుండంట, అక్కడ ఏదో బ్యాండుల పని దొరికిందంట. ఇగ రాడంట. నీకు చెప్పలే?"

"చెప్పిండు," అంది మేబెల్.

తలుపు తీసి దీపం వేసింది. దండెం మీద తన చీరలే ఉన్నాయి. పొయ్యి దగ్గరికి వెళ్లి, అలవాటుగా రెండు గ్లాసుల బియ్యం కొలిచి, ఒక గ్లాసు తిరిగి డబ్బాలో పోసింది. చేతులు కడుక్కోవడానికి కిటికీ పక్కనున్న నీళ్ల బకెట్టు దగ్గరికి వెళ్లింది. అతను గడ్డం గీసుకునే అద్దం గోడకు అతని ఎత్తులోనే వేలాడుతోంది. మునివేళ్ల మీద నిలబడితే, ఎండిన సబ్బు నురగ చుక్కల మధ్య, అద్దంలో ఆమె పాపిట మాత్రమే కనిపించింది.