అయ్యో, ఇది కాదు

అక్కకు ఫోను వాడటం రాదు. ఆ ఇంట్లో ఇది ఎంత స్థిరపడిపోయిన మాటంటే, బుల్లి బతుకంతా దాని చుట్టూనే తిరుగుతోంది. అక్క కర్టెన్లు కుడుతుంది. హోటళ్ళవాళ్ళు, కొత్త ఇళ్ళవాళ్ళు కొలతలు ఫోనుకే పంపుతారు. గుడ్డ నమూనాలు ఫోనులోనే చూపించాలి. కుట్టుపని అయ్యాక సరుకు తీసుకెళ్ళే బండినీ ఫోనులోనే పిలవాలి. కుట్టేది అక్క, ఫోను చూసేది చెల్లెలు బుల్లి. ఇంటినిండా ఎవరెవరివో కర్టెన్లు ముడతలు పోవడానికి వేలాడుతుంటాయి. కిటికీ తీసినా వీధి కనబడదు, ఎవరిదో హోటలు గుడ్డే కనబడుతుంది.

బుల్లికి తనదంటూ ఒక ఉద్యోగం ఉంది. కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని, లెన్సులను ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగిస్తుంది. చేయి తిరిగిన మనిషి. ఆ షాపువాళ్ళు ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో పెద్ద వర్క్‌షాపు పెట్టారు. లెన్సుల పని మొత్తం నువ్వే చూసుకో, ఉండటానికి గది కూడా ఇస్తామని మేనేజరమ్మ చెప్పింది. శుక్రవారం రాత్రిలోగా మెయిల్లో జవాబివ్వాలి.

అక్క వద్దనలేదు. వద్దని ఉంటే బాగుండేది, పోట్లాడటానికి వీలుండేది.

"నేనెందుకు ఆపుతానే? ఈ ఫోనొక్కటీ నాకు నేర్పేసి హాయిగా రైలెక్కు" అంది. అదీ ఎదురు ఫ్లాటు పిన్ని ముందు. పిన్ని ముక్కు మీద వేలేసుకుని, "ఎంత మంచి మనసమ్మా నీది!" అని మురిసిపోయింది. అంతే, బుల్లికి ఇక మాట లేకుండా పోయింది. ఏం చెప్పి వెళ్తుంది? అమ్మానాన్నలు పోయేనాటికి బుల్లికి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. అక్క చదువు మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది, ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉంది. ఆ సంగతి అక్క ఏనాడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా కొంత బరువు తగ్గేదేమో.

సరే, నేర్పుదామని బుల్లి నడుం బిగించింది. నోటితో చెప్తే అక్క చెవికెక్కదు. అందుకని ఒక ఉపాయం చేసింది. తెర పైనుంచి కిందికి వేలితో లాగితే వచ్చే బటన్లలో స్క్రీన్ రికార్డర్ ఒకటి ఉంటుంది. కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, ఫోనుతో పాటే వస్తుంది. నొక్కగానే మైకు కావాలా, వేలు తాకిన చోట గుర్తు కనబడాలా అని అడుగుతుంది. రెండింటికీ సరేనంటే మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి, తెర పైన ఒక ఎర్ర చుక్క వెలిగిస్తుంది. ఆపైన తెర మీద ఏం జరిగినా, పక్కన ఎవరేం మాట్లాడినా అంతా వీడియోలోకి వెళ్తుంది.

అలా బుల్లి చేసిన మొదటి పాఠం బండి పిలవడం. తొందరలో సరుకు బండికి బదులు బైకు బొమ్మ నొక్కి, "అయ్యో, ఇది కాదు" అని వెనక్కి వచ్చి, సరైనది నొక్కింది. చిన్న పొరపాటే కదా అని వీడియో అలాగే అక్క ఫోనుకు పంపేసింది. అక్క దాన్ని భక్తిగా చూసి, చూసింది చూసినట్టు చేసింది. ముందు బైకు నొక్కింది. "అయ్యో, ఇది కాదు" అంది. వెనక్కి వచ్చింది. అక్కడ దారి తప్పి ఇంకెక్కడికో పోయింది.

"అక్కా, బైకు నొక్కక్కర్లేదు. అది నా తప్పు."

"నువ్వు నొక్కావుగా?"

"నొక్కాను. పొరపాటున."

"ఏమో తల్లీ, వీడియోలో ఎలా ఉంటే అలా చేస్తాను. నాకు సొంత తెలివి ఎక్కడిది?"

తప్పు లేకుండా మళ్ళీ రికార్డు చేసి ఇచ్చింది. లాభం లేదు, అక్క వేలు బైకు మీదికే పోతుంది, నోరు "అయ్యో, ఇది కాదు" అనే అంటుంది. బుల్లి మొదట్లో పగలబడి నవ్వింది. తర్వాత ముసిముసిగా నవ్వింది. ఇప్పుడు ఆ మాట వింటే ముఖం పక్కకు తిప్పుకుంటోంది. రోజూ సాయంత్రం షాపు నుంచి రాగానే కర్టెన్ల మధ్య చాప మీద ఇద్దరూ కూర్చోవడం, అక్క వేలు పట్టుకుని "ఇక్కడ నొక్కక్కా" అనడం, అక్క చుట్టూ తిరిగి మొదటికే రావడం. అప్పుడప్పుడూ బుల్లి ఇంటికి వచ్చేసరికి సరుకు వెళ్ళిపోయి ఉండేది. బండిని ఎవరు పిలిచారంటే, పిన్ని పిలిచిపెట్టిందనేది అక్క.

గురువారం పొద్దున బుల్లికి తల ప్రాణం తోకకొచ్చింది. రేపే ఆఖరు. చెప్పులు వేసుకుంటూ అంది, "అక్కా, ఇవాళ నువ్వే రికార్డు చెయ్యి. మైకు కూడా పెట్టు. ఎక్కడ ఆగిపోతున్నావో నోటితో చెప్పి నాకు పంపు. నీ తప్పెక్కడుందో చూస్తాను."

రికార్డర్ ఎలా మొదలుపెట్టాలో చూపించింది. ఎలా ఆపాలో చెప్పబోతుంటే బస్సు వచ్చే వేళైంది.

మధ్యాహ్నం వీడియో వచ్చింది. ఎంత పెద్దదంటే షాపు వైఫై మీద కూడా దిగడానికి బోలెడంత సేపు పట్టింది. బుల్లి అరగదీసే మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని, చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. ఎవరిదో ముసలాయన లెన్సు చేతిలో ఉంది.

వీడియోలో అక్క వేలు తాకిన చోటల్లా తెల్లటి గుర్తు కదులుతోంది. బండి యాప్ తెరిచింది. బైకు నొక్కింది. "అయ్యో, ఇది కాదు." వెనక్కి వచ్చింది. "ఇదిగో బుల్లీ, ఇక్కడికొచ్చి ఆగిపోయింది. ఇక నా వల్ల కాదు. చూశావుగా, అంతే" అంది. యాప్ మూసింది. యాప్ మూస్తే రికార్డూ ఆగిపోతుందని అక్క అనుకుంది. ఎర్ర చుక్క మాత్రం వెలుగుతూనే ఉంది.

తెర కాసేపు ఖాళీగా ఉంది. కుట్టుమిషను చప్పుడు, కత్తెర చప్పుడు. తర్వాత తెల్లటి గుర్తు మళ్ళీ వచ్చింది. బండి యాప్ తెరుచుకుంది. బైకు వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా సరుకు బండి మీద పడింది. హోటలు చిరునామా, వచ్చే వేళ, సరే, సరే. బండి ఖాయమైంది. బుల్లి కూడా అంత వేగంగా చేయలేదు.

బుల్లి అరగదీసే మిషను ఆపడం మర్చిపోయింది.

ఇంతలో వీడియోలో తలుపు చప్పుడు, పిన్ని గొంతు. "బండికి చెప్పేశావా? నేను చెప్పానని నీ చెల్లెలితో అంటున్నావటగా. నాకసలు ఆ మాయదారి ఫోను ముట్టుకోవడమే రాదు."

అక్క నవ్వింది. "ఊరుకో పిన్నీ. దానికి చెప్పకు."

"అయితే నీకు వచ్చేసినట్టేగా?"

"ఎప్పుడో వచ్చింది. మొదట్లో నిజంగానే రాలేదు. తర్వాత వచ్చేసింది. కానీ వచ్చిందని చెప్తే ఆ రోజే పెట్టె సర్దేస్తుంది."

"పోనీ, వెళ్ళనివ్వరాదూ? మంచి ఉద్యోగమటగా."

కుట్టుమిషను చక్రం ఒకసారి తిరిగి ఆగింది.

"రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంటుంది పిన్నీ. నా వేలు పట్టుకుని 'ఇక్కడ నొక్కక్కా' అంటుంది. చిన్నప్పుడు దాని వేలు పట్టుకుని నేను అక్షరాలు దిద్దించేదాన్ని. నాకు ఫోను వచ్చేస్తే, ఇంక నా పక్కన కూర్చోవడానికి దానికేం పని?"

ఆ తర్వాత "ఇదేంటి, ఈ ఎర్రది ఇంకా ఉందే" అన్న అక్క గొంతు. వీడియో అక్కడితో అయిపోయింది.

చేతిలో లెన్సు అంచు చిట్లింది. ఇన్నేళ్ళలో బుల్లి చేతిలో లెన్సు పాడవడం అరుదు. మేనేజరమ్మ వచ్చి, "ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. బుల్లి బాగానే ఉందంది. ఏం బాగు? ఒళ్ళు మండిపోతోంది. ఎన్ని సాయంత్రాలు అక్క తనని ఆడించింది! తన నవ్వు, తన విసుగు, తనను తానే తిట్టుకున్న తిట్లు, అన్నీ చూస్తూ ఆ వేలు బైకు మీదికే పోనిచ్చింది. ఈ వీడియోను ఆవిడ ముఖం ముందు పెట్టి, మాట్లాడకుండా రైలెక్కేయాలి. బస్సులో సగం దూరం దాకా ఆ కోపం నిలిచింది. మిగతా సగం దూరం కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అక్కకు పని జరగదన్న భయమైతే దాన్ని ఎలాగో తీర్చవచ్చు. పక్కన కూర్చునే మనిషి లేకపోవడాన్ని ఏ పాఠంతో తీరుస్తుంది?

ఇంట్లో అక్క చాప పరిచి సిద్ధంగా ఉంది. "వీడియో చూశావా? నా తప్పెక్కడో తెలిసిందా?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు. నిజంగానే ఏమీ ఎరగదు. ఎర్ర చుక్క ఆర్పడం మర్చిపోయాననుకుందే తప్ప, తన మాటలు కూడా అందులోకి ఎక్కాయని ఆమెకు తోచలేదు.

"మొదట్లో కాస్త చూశాను" అంది బుల్లి. నిజం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. చెప్తే అక్క తల వంచుకుంటుంది. ఆ తల వంచుకోవడం చూసే ధైర్యం తనకు లేదు. చెప్పకపోతే రేపటి రాత్రి దాటిపోతుంది. ఆ సాయంత్రం కూడా పాఠం జరిగింది. అక్క బైకు నొక్కింది. "అయ్యో, ఇది కాదు" అంది. బుల్లి ఆ వేలు పట్టుకుని సరుకు బండి మీద పెట్టింది. గదిలో గాలి చాలలేదు. లేచి కిటికీ తెరిచింది. ఎదురుగా ఎవరిదో కర్టెను.

శుక్రవారం సాయంత్రం బుల్లి తన ఫోనే తీసింది. పైనుంచి లాగి రికార్డర్ నొక్కింది. మూడు, రెండు, ఒకటి.

"ఇవాళ కొత్త పాఠం. మెయిల్ పంపడం."

"నాకెందుకే మెయిలు?"

"నేర్చుకో. ముందు ఇక్కడ నొక్కాలి. ఇక్కడ పేరు. ఇక్కడ మనం చెప్పదలచుకున్నది రాయాలి." బుల్లి ఒక్కో అక్షరం నొక్కుతూ పోయింది. అక్క మెడ ముందుకు చాచి చదివింది. ఈ ఉద్యోగంలో చేరడానికి నాకు సమ్మతమే, వచ్చే వారం వస్తాను అని ఉంది.

అక్క ముఖంలో రంగు పోయింది. "అదేంటే! నాకింకా ఫోను..."

"పంపే బటన్ ఎక్కడుందో చూపించక్కా." బుల్లి అక్క వేలు పట్టుకుంది. "నీకొచ్చు."

"రాదే."

"నువ్వనుకున్న చోట వీడియో ఆగలేదక్కా. అంతా చూశాను."

వేలు బుల్లి చేతిలో బిగుసుకుపోయింది. అక్క తల వంచుకుంది. బుల్లి భయపడ్డట్టే వంచుకుంది. కానీ బుల్లి వేలు వదలలేదు. వదిలితే అక్క ఒక్కతే అయిపోతుందనిపించింది, తనూ ఒక్కతే అయిపోతుందనిపించింది.

"నువ్వే పంపొచ్చుగా. నా వేలెందుకు?" అంది అక్క.

"నీకు చెప్పకుండా పారిపోయినట్టు ఉంటుంది. నా వల్ల కాదు."

"నేను నొక్కకపోతే?"

"వెళ్ళను. ఇక్కడే ఉంటాను. రోజూ నేర్పుతూనే ఉంటాను. నీకొచ్చని తెలిసీ నేర్పుతాను." బుల్లి ఆ వేలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఊపిరాడటం లేదక్కా నాకు."

అక్క తలెత్తి చూసింది. చెల్లెల్ని, వేలాడుతున్న కర్టెన్లని, మళ్ళీ చెల్లెల్ని. పాలపళ్ళ పిల్లకు జ్వరమొస్తే చూసినట్టు చూసింది. ఆ తర్వాత వేలు కదిలింది. అటూ ఇటూ తిరగలేదు, దారి తప్పలేదు. నేరుగా వెళ్ళి పంపే బటన్ మీద పడింది. ఫోను చిన్నగా మోగింది. మెయిల్ వెళ్ళిపోయింది.

"అయ్యో" అంది అక్క. "ఇది కాదు."

ఈసారి వెనక్కి తీసుకెళ్ళే బటన్ కోసం ఆమె వెతకలేదు. బుల్లి కూడా చూపించలేదు. వేలు మాత్రం ఇంకా బుల్లి చేతిలోనే ఉంది. తెర పైన ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది, ఎలా ఆపాలో ఇద్దరికీ తెలిసినా ఎవరూ ఆపలేదు.