పరామర్శకు వచ్చినవాళ్లతో అనని మాట

మా ఆయన రాజేందర్‌కు తెలియని విషయం ఇంకా పుట్టలేదు. కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం నడుపుతారు గనక వంట గురించి నాకూ, ముహూర్తాల గురించి అయ్యగారికీ, ఈ మధ్య వెబ్‌సైట్ల గురించి మా బిడ్డ సుస్మితకూ పాఠాలు చెబుతున్నారు.

సుస్మితకు అది మొదటి పెద్ద పని. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు తమ గొంతుతో చెప్పుకున్న కథలను భద్రంగా ఒకచోట ఉంచే వెబ్‌సైట్. జగిత్యాలలో కొందరు టీచర్లు కలిసి చేయిస్తున్నారు. మొదటి కథ మా వాడకట్టు దేవవ్వది. ఆమె భర్త హన్మండ్లు మస్కట్‌కు పనికి పోయి అక్కడే చనిపోయాడు. దేవవ్వ సరేనంటేనే అది జనంలోకి వెళ్తుంది. ఆమె సరేనంటే తామూ చెబుదామని అయినవాళ్లను పోగొట్టుకున్న మిగతా ఆడవాళ్లు చూస్తున్నారు.

సుస్మిత చాలా జాగ్రత్తపడింది. మెరిసే రంగులు లేవు, ప్రకటనలు లేవు. గొంతు దానంతటది మొదలవదు. వినే ధైర్యం వచ్చాకే నొక్కుకోవచ్చు. అంతా బాగుంది. అక్కడితో ఆగితే ఆయన మా ఆయన ఎందుకవుతారు?

"కథ అయిపోయినంక ఉత్తగనే పంపుతవా బిడ్డా? మళ్లీ రండి అని ఓ ముక్క పెట్టు."

"డాడీ, గది దుకాణం కాదు."

"మర్యాద యాడైనా మర్యాదనే!"

పోరు పడలేక పెట్టింది.

దేవవ్వ మా వసారాలో కూర్చుని తన గొంతు తానే విన్నది. హన్మండ్లు సెలవుకు వచ్చినప్పుడల్లా వాడకట్టంతా సబ్బులు పంచేవాడని చెప్పిన చోట నవ్వింది కూడా. చివర్లో పూల అంచుతో ఒక ముక్క వచ్చింది. 'మీ రాకకు సంతోషం. మళ్లీ రండి' అని నేనే చదివి వినిపించాను. ఆమె ఫోను నా ఒళ్లో పెట్టేసింది.

"నా ముచ్చట తీసెయ్‌మను, ఊర్మిలా. పరామర్శకు అచ్చినోళ్లను మళ్లీ రమ్మంటమా? మళ్లీ రావాలంటే మా ఇంట్ల ఇంకొకలు పోవాల్నా?"

ఆ మాట చెబితే మా ఆయన కొట్టిపారేశారు. "గది ఫోను, చావిల్లు కాదు. రెండు దినాలైతే ఆమెనే మర్చిపోతది."

నేను వాదించలేదు. వాదిస్తే ఆయనే గెలుస్తారు. ఊరుకుంటే ఎప్పుడో ఒకసారి నాకూ వంతు వస్తుంది.

వచ్చింది. సిరిసిల్లలో ఆయన మేనమామ రాజమౌళి నిండు వయసులో పోయారని తెలిసి పరామర్శకు వెళ్లాం. లేచేటప్పుడు మా ఆయన రాజమౌళి భార్య అత్తమ్మతో సహా ఎవరికీ ఏమీ చెప్పలేదు. తల వంచుకుని చెప్పులేసుకుని వాకిలి దాటారు. బస్సులో టికెట్ తీసుకునేదాకా ఓపిక పట్టాను.

"ఔ సుస్మిత డాడీ, అత్తమ్మకు మళ్లొస్తమని చెప్పకుంటనే అచ్చిన్రేంది? మర్యాద గాదా?"

"పిచ్చి లేసిందా? చావింట్ల ఎవలన్న గట్లంటరా..."

మాట సగంలో ఆగింది. వేములవాడ దాటేదాకా కిటికీలోంచి చూపు తిప్పలేదు. "నవ్వకు," అన్నారు మధ్యలో. నేను నవ్వడం లేదు, చాలా కష్టపడి.

ఇల్లు చేరి తలస్నానం చేయగానే సుస్మితను పిలిచి ఆ ముక్క తీయించారు. ముగ్గురం దేవవ్వ ఇంటికి వెళ్లాం. ఈసారి ఆమె గొంతు ఆగగానే పేజీ కూడా తెల్లగా, చప్పుడు లేకుండా ఆగిపోయింది. దేవవ్వ ఫోనును కొంగుతో తుడిచి సుస్మిత చేతికిచ్చింది.

"ఇగ ఉండనీ బిడ్డా. అందరినీ విననీ," అన్నది. "అయితే గా ముక్క పెట్టాలని ఎవలికి బుద్ధి పుట్టింది?"

సుస్మిత పైకప్పు చూసింది. నేను సుస్మితను చూశాను. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నాకే అక్కా. బిడ్డ వద్దనే అన్నది. తప్పు నాదే."